హెచ్4 రిఫ్లెక్టర్ హెడ్‌లైట్లకు జినాన్: కిట్టా, ప్రొజెక్టరా? వైరింగ్ ఎట్లా?

#1 · నల్గొండ_స్విఫ్ట్

అందరికీ నమస్తే. బండి 2019 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ, పెట్రోల్. హెడ్‌లైట్లలో కంపెనీ ఇచ్చిన హెచ్4 60/55 వాట్ల హాలోజన్ బల్బులు, రిఫ్లెక్టర్ డూములు (లోపల అద్దంలా మెరిసే పళ్లెమున్న లైటు డబ్బాలు). రాత్రి 65వ నంబరు హైవే మీద ఎదురుంగ లారీ లైట్లు పడితే ఎడమ పక్క రోడ్డు అంచు కనపడతలేదు. షాపులో 55 వాట్ల హెచ్‌ఐడీ (అదే జినాన్) కిట్టు, 8000 కెల్విన్‌ది చూపించి, "బల్బు తీసి బల్బు పెట్టుడే, అర్ధగంట పని" అంటున్నరు. తీసుకోవచ్చా? వైర్లు కట్ చేయకుండా అయితదా? బండిలో బీసీఎం (లైట్ల కరెంటుని చూసుకునే కంప్యూటరు) ఉంది కదా, దానికేమన్న అయితదా?

#2 · లూమెన్‌లెక్క

ఆ కిట్టు తీసుకోకండి. మూడు కారణాలు, ముఖ్యమైనది ముందు.

హెచ్4 బల్బు చేతిలోకి తీసుకుని చూడండి. లోబీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. ఆ గిన్నె వల్ల వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికే తగిలి, అక్కణ్ణుంచి కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. రిఫ్లెక్టర్ మీద ఒక్కో పలకనీ ఆ ఫిలమెంట్ సరిగ్గా ఎక్కడుంటుందో లెక్కవేసి మలుస్తారు. హెచ్‌ఐడీలో ఫిలమెంటే ఉండదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మెరుపు తీగలా ఆర్క్ నిలబడుతుంది, అదీ పైకి కొంచెం విల్లులా వంగి ఉంటుంది. కిట్టువాళ్లు దానికి రేకు తొడుగు వేసి హెచ్4 అడుగు తగిలిస్తారు. స్థానంలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా రిఫ్లెక్టర్‌కి అది వేరే బల్బే. ఫలితం: కటాఫ్ గీత (వెలుగు పై అంచు) చెదిరిపోయి, ఎదుటివాడి కళ్లలోకి వెలుగు పోతుంది.

రెండోది కెల్విన్. అది రంగు లెక్క, వెలుగు లెక్క కాదు. మంచి 35 వాట్ల డీ2ఎస్ (ఒక రకం జినాన్) బల్బు 4300 కెల్విన్ దగ్గర 3200 లూమెన్లు (వెలుగు కొలత) ఇస్తుంది. రంగు నీలం వైపు జరిగేకొద్దీ లూమెన్లు తగ్గుతాయి. 8000 అంటే వానలో తడి తారు రోడ్డు మీద దాదాపు ఏమీ కనిపించని నీలం.

మూడోది 55 వాట్లు. 35 వాట్లకు చేసిన బల్బులోకి 55 తోస్తే బల్బు ఆయుష్షు పడిపోతుంది, రిఫ్లెక్టర్ మీది వెండి రంగు పూత మాడి గోధుమ రంగులోకి మారుతుంది. పూత పోయాక హాలోజన్ తిరిగి పెట్టుకున్నా పాత వెలుగు రాదు.

#3 · బెజవాడ_వైరింగ్

జినాన్ సంగతి తర్వాత. ముందు మల్టీమీటర్ తీయండి గురూ.

ఇంజిన్ స్టార్ట్ చేసి, లోబీమ్ వేసి, బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఓల్టేజీ చూడండి. 14 దరిదాపుల్లో ఉండాలి. తర్వాత బల్బు వెలుగుతుండగానే సాకెట్ వెనక నుంచి ప్రోబులు గుచ్చి చూడండి. బల్బు తీసేసి కొలిస్తే లోడు ఉండదు కాబట్టి ఎప్పుడూ బాగానే చూపిస్తుంది, ఆ కొలత పనికిరాదు.

హాలోజన్ వెలుగు ఓల్టేజీకి సుమారు 3.4వ ఘాతంగా మారుతుంది. హెచ్4 లోబీమ్‌కి 1000 లూమెన్లు అని రాసేది 13.2 ఓల్టుల దగ్గర. సాకెట్‌కి 12.0 మాత్రమే చేరితే అది 720 దగ్గర పడుతుంది. నాలుగో వంతుకు పైగా వైర్లలోనే పోయినట్టు. బ్యాటరీ నుంచి నేరుగా రిలే హార్నెస్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి, దాని వైర్ల కట్ట) వేసి, ఎర్త్ శుభ్రం చేస్తే ఆ వెలుగు వెనక్కి వస్తుంది. ఖర్చు కిట్టులో నాలుగో వంతు ఉండదు. రేపు ప్రొజెక్టర్ వేసినా చిన్న మార్పులతో అదే హార్నెస్ పనికొస్తుంది కాబట్టి డబ్బు ఎటూ పోదు.

100/90 బల్బులు మాత్రం వద్దు. కంపెనీ వైరు 55 వాట్లకు, అంటే నాలుగున్నర ఆంపియర్లకు వేసింది. 90 వాట్లు ఏడున్నర లాగుతుంది. ముందు సాకెట్ కరుగుతుంది, తర్వాత స్విచ్చి.

#4 · హైబీమ్_హరి

అన్నా, ఊరంతా ఆ కిట్లే కదా వేసుకుంటున్నారు. ఎదుటివాళ్లకి గుచ్చుకుంటోంది అనుకుంటే హెడ్‌లైట్ స్క్రూ తిప్పి కాస్త కిందికి దించితే సరిపోదా? దీనికి ఇంత శాస్త్రం అవసరమా?

#5 · లూమెన్‌లెక్క

సరిపోదు హరి గారూ. కటాఫ్ గీత స్పష్టంగా ఉన్న లైటుని దించితే గ్లేర్ తగ్గుతుంది. గీతే లేని లైటుని దించితే బండి ముందు పది మీటర్లు తెల్లగా మెరుస్తుంది, దూరం చీకటవుతుంది, చెదిరిన వెలుగు మాత్రం పైకి పోతూనే ఉంటుంది. దగ్గర నేల అంత తెల్లగా ఉంటే కంటిపాప ముడుచుకుంటుంది, దూరం ఇంకా కనపడదు. నడిపేవాడికి మాత్రం "అబ్బ ఎంత వెలుగు" అనిపిస్తుంది. ఈ కిట్లు అమ్ముడయ్యేది ఆ భ్రమ మీదే.

ఇంకొకటి. ఐరోపా ఆర్48 నిబంధన ప్రకారం 2000 లూమెన్లు దాటిన లోబీమ్‌కి ఆటోమేటిక్ లెవెలింగ్ (బరువుని బట్టి లైటు ఎత్తు తానే సర్దుకోవడం), హెడ్‌లైట్ వాషర్ తప్పనిసరి. దుమ్ము పట్టిన అద్దం మీద అంత వెలుగు పడితే ప్రతి మట్టి రేణువూ ఒక చిన్న దీపమవుతుంది. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా పడితే ముక్కు లేస్తుంది. కంపెనీ జినాన్ ఖరీదుగా ఉండటానికి ఇవన్నీ కారణం.

#6 · రెట్రోఫిట్_రంగ

హెచ్4 బండిలో జినాన్ పెట్టాలంటే పద్ధతైన దారి ఒకటే: హెడ్‌లైట్ తెరిచి లోపల బై-జినాన్ ప్రొజెక్టర్ బిగించడం. ప్రొజెక్టర్‌లో లెన్సు వెనక ఉక్కు తెర ఉంటుంది. లోబీమ్‌కి తెర పైకి లేచి ఉంటుంది, దాని అంచే కటాఫ్ గీత. హైబీమ్ వేస్తే సోలినాయిడ్ (కరెంటు అయస్కాంతం) తెరని కిందికి లాగుతుంది. బల్బు ఒకటే, ఎప్పుడూ వెలిగే ఉంటుంది.

కొనేముందు చూసుకోవాల్సినవి చెప్తాను. లెన్సు సైజు రెండున్నర అంగుళాలదైతే స్విఫ్ట్ లాంటి డూములో రిఫ్లెక్టర్ కోయకుండా పడే అవకాశం ఎక్కువ. మూడు అంగుళాలది వెలుగు విశాలంగా ఇస్తుంది గానీ చాలా డూముల్లో కోత తప్పదు. హెచ్4 బల్బు రంధ్రంలోంచి మరచుట్టు కాడ బయటికి వచ్చి వెనక పెద్ద నట్టుతో బిగుసుకునే రకం తీసుకోండి. మినీ హెచ్1 రకంలో హెచ్1 అడుగున్న హెచ్‌ఐడీ బల్బు పడుతుంది, చవక. డీ2ఎస్ పడే రకంలో ఆర్క్ స్థానం కచ్చితంగా ఉంటుంది, బల్బు ఎప్పుడు మార్చినా గీత కదలదు. నా ఓటు డీ2ఎస్‌కే.

బల్బు ఓస్రామ్ 66240 లేదా ఫిలిప్స్ 85122, రెండూ 4300 కెల్విన్ దగ్గరివి. వీటికి నకిలీలు విపరీతం. ధర సగానికి సగం తక్కువ చెప్తే అది నకిలీయే అనుకోండి. పేరు చివర ఆర్ ఉన్న డీ2ఆర్ కొనకండి. అది రిఫ్లెక్టర్ల కోసం చేసింది, గాజు మీద నల్లటి పూత పట్టీలుంటాయి, ప్రొజెక్టర్‌లో నీడలు పడతాయి. డీ1ఎస్‌లో ఇగ్నైటర్ (ఆర్క్ రగిలించే పెట్టె) బల్బుకే అతుక్కుని ఉంటుంది, డీ3, డీ4 పాదరసం లేనివి, 42 ఓల్టులవి. 85 ఓల్టుల డీ2 బ్యాలాస్ట్‌తో (బల్బుకి కరెంటు అందించే పెట్టె) డీ4 పెట్టకూడదు.

#7 · డల్లాస్_డ్రైవర్

ఒక్క మాట. చాలామంది ఇక్కడ అమెరికా నుంచి వచ్చేవాళ్లతో సూట్‌కేసులో ప్రొజెక్టర్లు తెప్పించుకుంటారు. ఇక్కడ బండి కుడి పక్క నడుస్తుంది, కాబట్టి కటాఫ్ గీత కుడివైపు పైకి లేస్తుంది. మన దగ్గర అది సరిగ్గా ఎదుటి డ్రైవర్ ముఖం! ఆర్డర్ పెట్టేటప్పుడే కుడి స్టీరింగ్ బండ్లకు చేసిందని, అంటే మెట్టు ఎడమవైపు లేచేదని అడగండి. కొన్ని ఐరోపా ప్రొజెక్టర్లలో పక్కన చిన్న మీట ఉంటుంది, తిప్పితే మెట్టు పోయి గీత సమంగా అవుతుంది. దేశం మారి నడిపేవాళ్ల కోసం పెట్టింది అది. దాంతో గ్లేర్ రాదు గానీ ఎడమ అంచు వెలుగు కొంత పోతుంది. ప్రొజెక్టర్‌ని తలకిందులు చేసి బిగిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. తెర నీడ తలకిందులై, వెలుగంతా గీతకి పైన పడుతుంది.

ఇక్కడి చట్టం కూడా చెప్తున్నాను: హాలోజన్ డూములో పెట్టే హెచ్‌ఐడీ కిట్టు ఏదీ అమెరికా ఫెడరల్ ప్రమాణం 108కి సరిపోదని రవాణా భద్రతా సంస్థ ఎప్పుడో తేల్చేసింది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకైతే ఎంఓటీ (బండి ఫిట్‌నెస్) పరీక్షలోనే బండి ఫెయిలవుతుంది.

#8 · నల్గొండ_స్విఫ్ట్

అయితే మన దగ్గర చట్టం సంగతేంది? ప్రొజెక్టర్ వేస్తే లీగలేనా?

#9 · సెక్షన్52

కాదు. చేదుగా ఉన్నా సూటిగా చెప్పుకోవడమే మంచిది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కిట్టు పెట్టినా, పద్ధతిగా ప్రొజెక్టర్ పెట్టినా కాగితం మీద తేడా లేదు. తేడా రోడ్డు మీదే. ప్రమాదం జరిగి సర్వేయర్ వచ్చినప్పుడు బీమావాళ్లు ఈ మార్పుని ఎత్తిచూపొచ్చు. వారంటీలో ఉన్న బండికైతే ఎలక్ట్రికల్ క్లెయిము మీద ఆశ వదులుకోండి.

కంపెనీ చెప్పిన వాట్లలోనే మంచి బల్బు, శుభ్రమైన ఎర్తులు, సరైన ఎయిమింగ్ (లైటు దిశ సర్దడం): ఈ మూడింటికి ఏ గొడవా లేదు.

#10 · రెట్రోఫిట్_రంగ

తెలిసి చేసేవాళ్ల కోసం డూము తెరిచే పద్ధతి రాస్తున్నాను.

బ్యాటరీ నెగటివ్ విప్పి, బంపర్ తీసి, డూములు బయటికి తీయండి. బల్బులు, పార్కింగ్ హోల్డర్, ఇండికేటర్ హోల్డర్, లెవెలింగ్ మోటారు, వెనక రబ్బరు మూతలు అన్నీ తీసేయాలి. చుట్టూ చిన్న స్క్రూలు, క్లిప్పులు ఎన్నున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. ఒక్క స్క్రూ మర్చిపోయి లాగితే అద్దం అంచు విరుగుతుంది.

తర్వాత అద్దం ఏ గమ్‌తో అతికించారో చూడాలి. వేలితో నొక్కితే చూయింగ్ గమ్‌లా మెత్తగా సాగితే బ్యూటైల్, వేడికి లొంగుతుంది. టైరు రబ్బరులా గట్టిగా ఉంటే పర్మాసీల్. దానికి వేడి పనిచేయదు, కోసి తీయాలి. మొదటిసారి చేసేవాళ్లు పర్మాసీల్ డూము జోలికి వెళ్లొద్దు.

బ్యూటైల్ అయితే ఓవెన్‌ని 105-110 డిగ్రీలకు ముందే వేడెక్కించి, చెక్క పలక మీద డూము పెట్టి 8 నిమిషాలు. ఇనప జాలీకి డూము ఎక్కడా తగలకూడదు. ఇంట్లో వంట చేసే ఓవెన్ వాడొద్దు, ఆ గమ్ వాసన వారం పోదు. హాట్ ఎయిర్ గన్‌తోనూ చేయొచ్చు గానీ ఒకే చోట ఆపితే పాలీకార్బొనేట్ అద్దం ముడతపడుతుంది. బయటికి తీసి ఒక మూల నుంచి ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా పైకి లేపుతూ రండి. గమ్ దారాల్లా సాగుతుంటే సరిగ్గా వస్తున్నట్టు. బిగుసుకుంటే లాగకండి, ఇంకో 4 నిమిషాలు వేడి పెట్టండి.

రిఫ్లెక్టర్ మీది పూతని వేలితో ముట్టుకోకూడదు, గుడ్డతో తుడవకూడదు. దుమ్ము పడితే గాలి ఊదండి, అంతే. ఆ పూత మన పెళ్లి పత్రిక మీది వెండి అక్షరాల కంటే పలచన.

ప్రొజెక్టర్ కాడని బల్బు రంధ్రంలోంచి దూర్చి, వెనక అడాప్టర్ పళ్లెం, వేడికి తట్టుకునే సిలికాన్ వాషరు వేసి నట్టు చేతి బిగువుతో ఆపండి. లెన్సుకీ బయటి అద్దానికీ మధ్య కనీసం 10 మి.మీ. ఖాళీ ఉండాలి. ఇప్పుడే, అద్దం అతికించక ముందే, డూముని బండిలో తాత్కాలికంగా బిగించి, లైటు వేసి, గోడ మీద సమతలంగా కట్టిన దారంతో గీత సరిపోయిందా చూడాలి. ఒక పక్కకి ఒరిగితే ప్రొజెక్టర్‌ని తిప్పి, అప్పుడు నట్టు పూర్తిగా బిగించాలి. లైటు ఎత్తు, పక్క దిశ తర్వాత స్క్రూలతో సర్దొచ్చు. ఈ ఒరుగు సర్దడానికి బయట ఏ స్క్రూ ఉండదు. ఇది మర్చిపోయి అతికించేస్తే మళ్లీ ఓవెనే.

అతికించేముందు పాత గమ్ పూర్తిగా గీకి, కొత్త బ్యూటైల్ తాడు 9-10 మి.మీ. మందంది గాడిలో వేయండి. తాడు అతుకు మూలలో పెట్టకుండా కింది వైపు నేరుగా ఉన్న చోట కలపండి. 5 నిమిషాలు వేడిచేసి నొక్కి, క్లాంపులు పెట్టి చల్లారనివ్వండి. మామూలు అక్వేరియం సిలికాన్ వాడితే ఆరేటప్పుడు వచ్చే ఆమ్లపు ఆవిరికి పూత మసకబారుతుంది.

#11 · బెజవాడ_వైరింగ్

ఇక వైరింగ్. 35 వాట్ల మంచి బ్యాలాస్ట్ నడిచేటప్పుడు మూడు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. వెలిగే మొదటి కొన్ని సెకన్లలో 8-10 దాకా పోతుంది. రెండు పక్కలకు కలిపి ఒకే ఫ్యూజు పెట్టడం చాలా కిట్లలో ఉండే తప్పు. అది ఎగిరితే అర్ధరాత్రి ఘాట్‌లో రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతాయి. అందుకే పక్కకో రిలే, పక్కకో 20 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు. ఫ్యూజులు బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరం లోపలే ఉండాలి. ప్రధాన వైరు 2.5 చదరపు మి.మీ., రాగిది. రాగి పూత అల్యూమినియం వైరు పాకెట్ మీద ఏమి రాసున్నా అది మోసమే.

రిలే 12 ఓల్టులు 40 ఆంపియర్లది. 30 నంబరు పిన్ను ఫ్యూజు నుంచి, 87 బ్యాలాస్ట్‌కి, 86 ట్రిగ్గర్ (రిలేని లేపే వైరు), 85 ఎర్త్. ఒక పక్క కంపెనీ సాకెట్‌లోకి హెచ్4 మగ ప్లగ్గు గుచ్చి ట్రిగ్గర్ తీసుకోండి. ఒక్క వైరు కూడా కోయనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది బోర్లాపడతారు. హెచ్4లో హైబీమ్ వేయగానే లోబీమ్ సప్లయి ఆగిపోతుంది. ట్రిగ్గర్ లోబీమ్ వైరు నుంచి మాత్రమే తీస్తే హై వేసిన క్షణం రిలే పడిపోయి బల్బు ఆరిపోతుంది. అందుకని లో వైరు నుంచి ఒక డయోడు (కరెంటుని ఒక వైపే పోనిచ్చేది), హై వైరు నుంచి ఒక డయోడు, రెండూ కలిసి 86కి. రిలే కాయిల్ ఒక్కోటి 0.15 ఆంపియర్ల దగ్గర లాగుతుంది, రెండింటికి 0.3. కాబట్టి ఒక ఆంపియర్ 1ఎన్4007 ధారాళంగా చాలు. సోలినాయిడ్లు మాత్రం హై వైరు నుంచి నేరుగా, డయోడు లేకుండా. సోలినాయిడ్ మీద అడ్డంగా ఇంకో 1ఎన్4007 పెట్టండి, ఆఫ్ చేసినప్పుడు వెనక్కి తన్నే ఓల్టేజీని అది మింగేస్తుంది.

ఇంకో చిక్కు: పగలు లైట్లు ఆఫ్‌లో ఉండగా డిప్పర్ కొడితే హై డయోడు ద్వారా బ్యాలాస్ట్ ఒక్క క్షణం వెలిగి ఆరుతుంది. హెచ్‌ఐడీకి పూర్తి వెలుగు రావడానికి సెకన్లు పడుతుంది (ఐరోపా ప్రమాణమే నాలుగో సెకనుకి 80 శాతం ఉండాలంటుంది), ఆ డిప్పర్ ఎవరికీ కనపడదు, బల్బు ఎలక్ట్రోడ్లు మాత్రం అరుగుతాయి. హై డయోడు తర్వాత ఒక చిన్న రిలే పెట్టి, దాని కాయిల్‌ని పార్కింగ్ లైటు వైరుకి కలపండి. పార్కింగ్ వెలుగుతుంటేనే హై ట్రిగ్గర్ దాటుతుంది. పగలు డిప్పర్ పోతుంది, హారన్ ఎలాగూ ఉంది కదా.

ఎర్త్ ప్రతి బ్యాలాస్ట్‌కి విడిగా, బాడీ రేకు మీద పెయింటు గీకి, ఎం6 బోల్టు, పళ్ల వాషరు. తర్వాత గ్రీజు రాయండి. విశాఖ, కాకినాడ గాలికి ఆరు నెలల్లో ఆకుపచ్చ తుప్పు పడుతుంది.

బ్యాలాస్ట్‌ని రేకు బ్రాకెట్ మీద, కనెక్టర్లు కిందికి చూసేలా బిగించండి. వెలిగేటప్పుడు 20,000 ఓల్టులు దాటుతుంది. ఆ వైరు పొడవు పెంచకూడదు, మధ్యలో కోసి అతకకూడదు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) హార్నెస్‌తో కలిపి ట్యాగులు వేయకూడదు. లైటు ఆన్‌లో ఉండగా బల్బు దగ్గర చెయ్యి పెట్టే ధైర్యం ఎవరూ చేయొద్దు. బల్బు గాజు ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడిచి, ఆరాకే వెలిగించండి.

#12 · పోలో_పక్కింటి

స్విఫ్ట్ సంగతి సరే, జర్మన్ బండ్ల వాళ్లం ఏం చేయాలి? లైటు వేస్తే కిట్టు గిలగిలా కొట్టుకుంటోంది, డాష్‌లో బల్బు పోయిందని గుర్తు వస్తోంది.

#13 · బెజవాడ_వైరింగ్

రెండు వేర్వేరు జబ్బులు అవి. బీసీఎం బల్బుకి నేరుగా ఓల్టేజీ ఇవ్వకుండా సెకనుకి వంద సార్లో ఎన్నిసార్లో ఆన్-ఆఫ్ చేస్తూ, సగటున 13.2 ఓల్టులు ఉండేలా చూస్తుంది. దాన్నే పీడబ్ల్యూఎం అంటాం. ఫిలమెంట్‌కి అది తెలియదు, బ్యాలాస్ట్‌కి మాత్రం ప్రతిసారీ కరెంటు పోయి వచ్చినట్టే. బ్యాలాస్ట్‌ని బ్యాటరీ నుంచి రిలే ద్వారా నడిపి, ట్రిగ్గర్ మీద డయోడు తర్వాత 1000 మైక్రోఫారడ్ 35 ఓల్టుల కెపాసిటర్ పెడితే రిలే టకటకలాడకుండా నిలబడుతుంది. లోబీమ్‌నే తక్కువ ఓల్టేజీతో పగటి లైటుగా వెలిగించే బండ్లలో ముందు ఆ పగటి లైటు ఆపించండి.

రెండోది బల్బు గుర్తు. బీసీఎం కరెంటు కొలుస్తుంది. రిలే కాయిల్ లాగే 0.15 ఆంపియర్లు చూసి బల్బు లేదనుకుంటుంది. 6 ఓమ్, 50 వాట్ల రెసిస్టర్ సాకెట్‌కి సమాంతరంగా పెడితే 14 ఓల్టుల దగ్గర 2.3 ఆంపియర్లు లాగుతుంది. అంటే 32 వాట్ల వేడి, పొయ్యి మీద పెనం లెక్క. బాడీ రేకుకి స్క్రూలతో బిగించాల్సిందే. డబుల్ టేపుతో బంపర్ ప్లాస్టిక్‌కి అంటించినవి కరిగి, వైర్లు షార్టయిన బండ్లు ఆటోనగర్‌లో వారానికొకటి దిగుతాయి. ఇంతకంటే శుభ్రమైన దారి: ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో వీసీడీఎస్ (ఆ బండ్ల స్కానర్ సాఫ్ట్‌వేర్)తో 09 మాడ్యూల్‌లోకి వెళ్లి ఆ లైటుకి చల్లబల్బు, వేడిబల్బు పరీక్షలు ఆపేయడం. పాత కోడింగ్ విలువ రాసి పెట్టుకున్నాకే మార్చండి.

#14 · లూమెన్‌లెక్క

ఎయిమింగ్ ఎవరూ రాయలేదు, సగం పని అదే.

టైర్లలో గాలి సరిచూసి, ట్యాంకు సగం, డ్రైవర్ సీట్లో ఒక మనిషి, డాష్‌బోర్డు మీది లెవెలింగ్ చక్రం 0. నేల సమంగా ఉన్న చోట బండి ముక్కుని గోడకి ఆనించినంత దగ్గరగా పెట్టి, రెండు లెన్సుల మధ్యబిందువుల్ని గోడ మీద టేపుతో గుర్తించండి. సరిగ్గా 10 మీటర్లు వెనక్కి రండి. గీత 1 శాతం వంగాలంటే 10 మీటర్ల దగ్గర 10 సెం.మీ. కిందికి. లెన్సు ఎత్తు 70 సెం.మీ. ఉంటే గోడ మీద గీత 60 దగ్గర పడాలి. అప్పుడు కటాఫ్ సమతలపు రోడ్డుని 70 మీటర్ల దగ్గర తాకుతుంది. ఆటో లెవెలింగ్ లేని బండిలో ఇంత వెలుగుకి నేనైతే 1.5 శాతం పెడతాను, అంటే 55 దగ్గర. దూరం 47 మీటర్లకు తగ్గుతుంది, మిగతాది హైబీమ్ చూసుకుంటుంది. మెట్టు మూల లెన్సు నిలువు గీత మీదే ఉండాలి, ఎడమ భుజం పైకి. డిక్కీ నిండితే చక్రం తిప్పడం మర్చిపోవద్దు.

10 మీటర్ల చోటు లేకపోతే 5 మీటర్ల దగ్గర అన్నీ సగం. కానీ తప్పు కూడా రెట్టింపవుతుందని గుర్తుంచుకోండి.

#15 · రెట్రోఫిట్_రంగ

జబ్బులు పట్టే పద్ధతి, పొట్టిగా. ఒక పక్క వెలగకపోతే బల్బుల్ని అటుదిటు మార్చండి. జబ్బు బల్బుతో పాటు వెళ్తే బల్బు, అక్కడే ఉంటే బ్యాలాస్ట్ మార్చి చూడండి, అప్పటికీ అక్కడే ఉంటే వైరు. వెలిగి, రెండు నిమిషాలకు ఆరిపోయి, మళ్లీ వేస్తే వెలుగుతుంటే ఎర్త్ లేదా ఓల్టేజీ. వెలుగు గులాబీ ఛాయకి తిరిగితే బల్బు ముసలిదైంది. రెండూ కలిపి మార్చండి, ఒకటి మారిస్తే రంగులు కలవవు. ఎఫ్ఎమ్‌లో గరగర వస్తే బ్యాలాస్ట్ సప్లయి వైరుకి ఫెరైట్ రింగు. అద్దం లోపల ఆవిరి పడితే ముందు వెనక మూతలు చూడండి: వైరు కోసం 25 మి.మీ. రంధ్రం చేసి గ్రోమెట్ (రబ్బరు రింగు) వేయకుండా వదిలేస్తే వానాకాలం అంతా అక్వేరియమే. గాలి ఆడే సన్న గొట్టాల్ని మాత్రం సీలు చేయొద్దు.

#16 · హైబీమ్_హరి

ఇంత కష్టం దేనికి, ఎల్‌ఈడీ బై-ప్రొజెక్టర్లు వచ్చేశాయి కదా ఇప్పుడు?

#17 · రెట్రోఫిట్_రంగ

నిజమే, బ్యాలాస్ట్ గొడవ ఉండదు, డిప్పర్ కూడా తక్షణం వస్తుంది. కానీ వెనక ఫ్యానూ హీట్‌సింకూ పొడవు కాబట్టి రబ్బరు మూత పట్టదు, వేడెక్కితే వెలుగు తానే తగ్గించుకుంటుంది, పోతే మొత్తం మార్చాలి. హెచ్4 రిఫ్లెక్టర్‌లో గుచ్చే ఎల్‌ఈడీ బల్బులకైతే రెండో పోస్టులో చెప్పిన జబ్బే.

#18 · నల్గొండ_స్విఫ్ట్

అందరికీ దండాలు. కొలిచిన: బ్యాటరీ దగ్గర 14.1, సాకెట్ దగ్గర 12.3. ముందు రిలే హార్నెస్, మంచి 60/55 బల్బులు, ఎయిమింగ్. ప్రొజెక్టర్ సంగతి తర్వాత చూస్త. ఒక్క డౌటు: డయోడు మీది తెల్ల చార ఎటు వైపు ఉండాలె?

#19 · బెజవాడ_వైరింగ్

చార రిలే వైపు. అయితే మీరు ఇప్పుడు వేసేది హాలోజన్ హార్నెస్ కాబట్టి డయోడ్లే వద్దు. లో వైరుకి ఒక రిలే, హై వైరుకి ఒక రిలే. లో రిలే 87 కొత్త హెచ్4 సాకెట్ల లో పిన్నుకి, హై రిలే 87 హై పిన్నుకి. రెండు ఫిలమెంట్లు ఒకేసారి వెలగకూడదు, వేడికి బల్బు పోతుంది.

కలిపేముందు ఇంకొక్కటి చూడండి. కొన్ని జపాన్ డిజైన్లలో హెచ్4 కామన్ పిన్నుకి ఎప్పుడూ 12 ఓల్టులుండి, స్విచ్చి ఎర్త్ వైపు కలుపుతుంది. లైటు వేసి, మల్టీమీటర్ నల్ల ప్రోబు బాడీకి పెట్టి మూడు పిన్నులూ చూడండి. లో, హై రెండింట్లోనూ కామన్‌కే 12 వస్తుంటే మీది ఎర్త్ స్విచింగ్. అప్పుడు 86ని ఆ కామన్‌కి కలిపి, లో రిలే 85 లో వైరుకి, హై రిలే 85 హై వైరుకి. రేపు ప్రొజెక్టర్‌కి డయోడ్లు వేసేటప్పుడు కూడా చార రిలే వైపు కాకుండా సాకెట్ వైపు రావాలి.